మోకాళ్ళ కుర్చీ

మోకాళ్ళూనకుండా చేసిన ప్రార్థన పైదాకా వెళుతుందా, లేక సగం దారిలో ఎక్కడైనా ఆగిపోతుందా అన్న అనుమానం నాకు చాలా ఏళ్ళుగా ఉంది. మా పాస్టర్ వినయ్ కుమార్ గారిని అడిగితే, "ముందు నీ హృదయం ఎలా ఉందో చూసుకో ఆమోసూ" అంటారు. అది జవాబు కాదు, ఇంకో ప్రశ్న. అందుకని అడగలేదు.

మా నాన్న గచ్చు మీద మోకరించి, నుదురు గోడకానించి, వంటింట్లో అన్నం చల్లారిపోయేదాకా ప్రార్థించేవాడు. ఆయన మోకాళ్ళు కాయలు కాచి నల్లగా ఉండేవి. నేనేమో అమెరికాలో, మోరిస్‌విల్ అనే ఊళ్ళో స్కూల్ బస్సు నడుపుతాను. నా ప్రార్థనలన్నీ డ్రైవర్ సీటులో, బెల్టు పెట్టుకుని, ఎర్ర లైటు దగ్గర మొదలై పచ్చ లైటు పడగానే ఆమెన్ అయిపోతాయి. ఇలాంటివాటిని దేవుడు లెక్కలోకి తీసుకుంటాడా? తీసుకుంటే పూర్తికా, సగానికా?

ఈ అనుమానం తీరకుండానే మా ఇంట్లోకి మోకాళ్ళ కుర్చీ వచ్చింది.

అది రాకముందు ఇంకో కుర్చీ ఉండేది. మేము ఈ ఊరు వచ్చిన కొత్తలో అపార్ట్‌మెంట్‌లో ఒక పరుపు, ఒక రైస్ కుక్కర్ తప్ప ఏమీ లేవు. మా సంఘంలో పెద్దావిడ జయంతి అక్క మమ్మల్ని చూడటానికి వచ్చి, కూర్చోడానికి చోటు లేక కాసేపు కిచెన్ కౌంటర్‌కి ఆనుకుని నిలబడి, ఇంటికి వెళ్ళి తన డైనింగ్ టేబుల్ దగ్గరి కుర్చీ ఒకటి కార్లో వేసుకొచ్చింది. "మీరు కొనుక్కునేదాకా ఉంచుకోండి" అంది. బరువైన చెక్క కుర్చీ. వీపు ఆనించే చోట పెద్ద ద్రాక్షగుత్తి చెక్కి ఉంటుంది.

తర్వాత మేము సోఫా కొన్నాం, మంచం కొన్నాం, ఇల్లే కొన్నాం. ఆ కుర్చీ మాత్రం వెనక్కి వెళ్ళలేదు. ఇద్దామనుకున్నప్పుడల్లా ఎవరో చుట్టాలు దిగేవారు, లేదా మంచు పడేది, లేదా దాని మీద ఉతికిన బట్టలుండేవి. జయంతి అక్క ఏనాడూ అడగలేదు. ప్రతి క్రిస్మస్‌కీ వాళ్ళింట్లో మాకు భోజనం. ఆవిడ భర్త ధర్మారావు గారు చుట్టూ ద్రాక్షగుత్తి కుర్చీలు ఉండగా తను మాత్రం తెల్ల ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, కోడికూర వడ్డించుకుంటూ నా వంక చూసి, "ఏవండీ ఆమోసు గారూ, మా కుర్చీ కులాసానా?" అనేవారు.

"కులాసాయేనండి, మిమ్మల్ని అడుగుతుంటుంది" అనేవాణ్ణి. అందరూ నవ్వేవారు. ఏడాది గడిచిపోయేది.

ఆ కుర్చీలోనే నా భార్య వసంతకుమారి కొలువు. ఒక ఇన్సూరెన్స్ కంపెనీకి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తుంది. కోవిడ్ అప్పుడు ఇంటికొచ్చిన ఉద్యోగం మళ్ళీ ఆఫీసుకి తిరిగి పోలేదు. ముందుగదిలో కిటికీ దగ్గర బల్ల, ఆ బల్ల ముందు ద్రాక్షగుత్తి కుర్చీ. ఒక్కో వెన్నుపూసకి ఒక్కో ద్రాక్షపండు చొప్పున పొద్దున్నించి సాయంత్రం దాకా గుచ్చుకునేది. చివరికి ఒకరోజు కింద పడిన గరిటె తీయడానికి వంగి, అలాగే ఉండిపోయింది.

"ఏవండీ, నన్ను నిలబెట్టండి."

"స్టవ్ మీద పాలు పొంగుతున్నాయి వసంతా."

"పాలు తర్వాత పొంగుతాయి. ముందు నన్ను లేపండి."

డాక్టర్ బిళ్ళలిచ్చి, కూర్చునే పద్ధతి మార్చుకోమన్నాడు. సరిగ్గా అప్పుడే కంపెనీ వాళ్ళు, అందరూ ఇక షార్లెట్ ఆఫీసుకి రావాలన్నారు. షార్లెట్ మాకు రెండున్నర గంటల దూరం. రోజూ వెళ్ళి రావడానికి ఆమె నడుం ఒప్పుకోదు. అక్కడే గది తీసుకుని వారమంతా ఉండిపోవడానికి నా ప్రాణం ఒప్పుకోదు. మా అమ్మాయి అబిగేల్ కాలేజీకి వెళ్ళిపోయాక ఇంట్లో మిగిలిందే మేమిద్దరం. నాకు అన్నం వండుకోవడం రాక కాదు. తింటూ ఎవరితో దెబ్బలాడను?

వసంత తన నడుం సంగతి చెప్పుకుంటే కంపెనీ ఒక దారి చూపించింది. వాళ్ళ మనిషి ఒకావిడ వీడియోలో మా ఇంట్లో పనిచేసే చోటు చూస్తుంది. కుర్చీ, బల్ల, స్క్రీన్ అన్నీ ఒంటికి తగ్గట్టు ఉన్నాయని ఆవిడ ఒప్పుకుంటే వసంత ఇంట్లోనే చేసుకోవచ్చు. ఒప్పుకోకపోతే షార్లెట్.

ఈ సంగతి విని అబిగేల్ ఫోన్ చేసింది. "డాడీ, నేను అమ్మకి చెయిర్ ఆర్డర్ చేశా. ఎర్గోనామిక్, నడుముకి మంచిది. మోకాళ్ళ మీద కూర్చుంటది."

"మోకాళ్ళ మీద కూర్చోవడం ఏంటమ్మా, మోకరిస్తారు గానీ."

"సేమ్ థింగ్, డాడీ."

పెట్టె వచ్చింది. నేను ఊళ్ళో ఐటీఐ ఫిట్టర్ చదివినవాణ్ణి కాబట్టి బిగించే పని నాదే. అంతా బిగించాక ఒక స్క్రూ మిగిలింది. కుర్చీ కదలకుండా నిలబడింది కాబట్టి, ఆ స్క్రూ జేబులో వేసుకుని ఊరుకున్నాను. వసంతకి చెప్పి కంగారు పెట్టడం ఎందుకు?

దానికి వీపు లేదు. ముందుకి వాలిన సీటు ఒకటి, దాని కింద మోకాళ్ళు ఆనించడానికి మెత్త ఒకటి. ఎక్కి కూర్చుంటే నడుం దానంతటదే నిటారుగా నిలబడుతుంది. బస్సు తీసే ముందు సీటూ అద్దాలూ సరిచేసుకున్నట్టు నేను అటు జరిపి, ఇటు జరిపి, అబిగేల్ హైస్కూల్ పుస్తకాలు పేర్చి స్క్రీన్ కంటి ఎత్తుకి లేపాను. వసంత ఎక్కి కూర్చుని, కాసేపు ఊపిరి బిగబట్టి, "నొప్పి లేదండీ" అంది. ఆమె ముఖంలో ఆ తేట చూసి చాలా రోజులైంది.

వీధిలోంచి కిటికీలో చూసేవాళ్ళకి మాత్రం కనబడేది వేరు. ఒక ఆడమనిషి మోకరించి ఉంది. తల కొంచెం వంచి ఉంది. పెదవులు కదులుతున్నాయి. కిటికీ నేల దాకా ఉంటుంది గానీ, బల్ల మీద ఏముందో పక్క గోడ అడ్డం.

మనవణ్ణి స్కూల్లో దింపి మా వీధిలో వాకింగ్ చేసే జయంతి అక్క చూసింది. మర్నాడూ చూసింది. నేను బస్సు పెట్టి వచ్చేసరికి గేటు దగ్గర నిలబడి ఉంది, కళ్ళనిండా నీళ్ళతో.

"వందనాలక్కా. ఏమైంది?"

"ఏం లేదు నాయనా" అని నా భుజం తట్టింది. "ఇంత ప్రార్థనాపరురాల్ని ఇంట్లో పెట్టుకుని ఎప్పుడైనా చెప్పావా మాకు? గుట్టుగా ఉంచుకున్నావ్."

నేను చెప్పబోయాను. దేవుడి తోడు, నోరు తెరిచాను కూడా. కానీ అక్క అప్పటికే కన్నీళ్ళు తుడుచుకుంటూ ఫోన్ తీసి ఎవరికో చేస్తూ వెళ్ళిపోతోంది. పైగా ఒక మాట ఒప్పుకోవాలి, నాకు లోపల కొంచెం సరదా వేసింది. మా సంఘంలో గొంతెత్తి ప్రార్థించేవాళ్ళకే పేరు. వసంత వెనక వరుసలో కూర్చుని, పెదవి కదలకుండా ప్రార్థించే రకం. ఆమెని ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఓ రెండు రోజులు పట్టించుకుంటే పోయేదేముంది అనుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం ఆరాధనలో పాస్టర్ గారు వాక్యం మధ్యలో ఆగి, "కిటికీ తలుపులు తెరుచుకుని, లోకం చూస్తుందన్న వెరపు లేకుండా, గంటల తరబడి మోకాళ్ళ మీద ఉండే సహోదరి ఒకరు మన మధ్య ఉన్నారు" అన్నారు. అందరి తలలూ వెనక్కి తిరిగాయి. వసంత కూడా వెనక్కి తిరిగింది. వెనక గోడే ఉంది.

"నన్నేనా అంటోంది?" అని నా చెవిలో అడిగింది.

"నిన్నే."

"ఎందుకు?"

చెప్పాను. ఆమె గోళ్ళు నా మోచేతి మీద దిగాయి. "లేచి చెప్పేస్తాను."

"ఆరాధన మధ్యలో ఏం బాగుంటుంది? భోజనాల దగ్గర చెబుదువు గాని."

భోజనాల దగ్గర చెప్పింది కూడా. పులావు ప్లేటు పట్టుకుని, "అది కాదండీ, అసలు నేను ప్రార్థన..." అని మొదలుపెట్టగానే చుట్టూ ఉన్న ఆడవాళ్ళు, "చూశారా ఎంత తగ్గింపో, ఎంత అణకువో!" అన్నారు. "కాదండీ, అది ఆఫీసు..." అంది. "ఆఫీసు పని ఉన్నా కూడా!" అన్నారు. ఆమె ఎంత కాదంటే అంత ఎత్తుకి ఎక్కింది. మా వాళ్ళ దగ్గర ఇదొక చిక్కు. భక్తి ఉందన్నవాణ్ణి అనుమానిస్తారు గానీ, లేదన్నవాణ్ణి వదిలిపెట్టరు.

ఆ వారమంతా వసంత ఫోన్ మోగుతూనే ఉంది. ఒకరి వీసా, ఒకరి గర్భం, ఒకరి అల్లుడి కోపం. షారన్ అనే అమ్మాయి డ్రైవింగ్ టెస్టు గురించి రెండుసార్లు చెప్పింది. వసంత అందరికీ "తప్పకుండా అమ్మా" అంది. రాత్రి నా మీద విరుచుకుపడింది.

"మీకు నవ్వులాటగా ఉంది. వాళ్ళు నిజంగా నమ్ముకుని చెబుతున్నారు. నేను ఆ టైములో క్లెయిమ్ ఫారం టెస్ట్ చేస్తున్నాను."

"శుక్రవారం గడవనీ. ఆ వీడియో గండం దాటాక నేనే వెళ్ళి జయంతి అక్కకి చెబుతాను."

గురువారం జయంతి అక్కే నాకు ఫోన్ చేసింది. "ఆమోసూ, రేపు ఉపవాస ప్రార్థన మీ ఇంట్లో. కాఫీలు కూడా పెట్టొద్దు." మా ఉపవాస ప్రార్థన ఎప్పుడూ సాయంత్రం చీకటి పడ్డాకే. వీడియో ఉన్నది పొద్దున్న పదకొండుకి. సరేనన్నాను. ఎన్ని గంటలకని ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. కిటికీలో వసంత మోకరించి కనబడే వేళకే రావాలని ఆవిడ అనుకుంటుందని నాకెలా తెలుస్తుంది?

శుక్రవారం పదకొండు అవుతుండగా వసంత మోకాళ్ళ కుర్చీ ఎక్కి, స్పీకర్ ఆన్ చేసి, జుట్టు సవరించుకుంది. స్క్రీన్ మీద డోనా అనే ఆవిడ వచ్చింది. నెరిసిన జుట్టు, మెడలో గొలుసుకి వేలాడే కళ్ళజోడు. నేను కెమెరాకి కనబడకుండా గోడవారగా నిలబడ్డాను. అప్పుడు తలుపు దగ్గర చెప్పులు విప్పుతున్న చప్పుడైంది.

తలుపు తీస్తే జయంతి అక్క. ఆవిడ వెనక తెల్లచీరల్లో మరో ఆరేడుగురు ఆడవాళ్ళు, చంకల్లో దుప్పట్లు. అక్క చేతిలో పిడికెడు బియ్యం సంచీ ఉంది. మా ఆడవాళ్ళు అన్నం వండేటప్పుడల్లా దేవుడి పేరున ఒక పిడికెడు తీసి పక్కన పెడతారు. నెలకోసారి అవన్నీ పోగుచేసి అవసరంలో ఉన్నవాళ్ళకిస్తారు. సంచీ నిండుగా, బిగుతుగా ఉంది.

"అక్కా, ఇప్పుడు కాదు. లోపల వసంత..."

ఆవిడ నా భుజం మీంచి లోపలికి చూసింది. కిటికీ వెలుగులో వసంత వీపు. మోకరించి, తల వంచి, మెల్లగా ఏదో చెబుతోంది. అక్క పెదవుల మీద వేలు పెట్టుకుంది. "మొదలుపెట్టేసింది. కదపకు" అని నన్ను పక్కకి జరిపింది. నేను తలుపుకి అడ్డం నిలబడ్డాను గానీ, ఉపవాసంలో ఉన్న ఆడవాళ్ళని ఆపడం నా తరమా?

చప్పుడు లేకుండా దుప్పట్లు పరిచారు. ముసుగులు వేసుకుని వసంత వెనక వరుసగా మోకరించారు. షారన్ చెవిలో చిన్న ఇయర్‌ఫోన్ ఉంది, ఆ అమ్మాయికి అదే టైములో ఇంకో మీటింగు. జయంతి అక్క మాత్రం సోఫాలో కూర్చుని కళ్ళు మూసుకుంది. ఆవిడ మోకాళ్ళు వంగడం మానేసి చాలా కాలమైంది.

డోనా మాట మధ్యలో ఆగింది. కళ్ళజోడు పెట్టుకుంది.

"వసంతా, మీ వెనకాల చాలామంది ఉన్నారు."

వసంత వెనక్కి తిరిగి చూసింది. ఆ తర్వాత నన్ను చూసింది. ఆ చూపు ఇక్కడ రాయను.

"మా చర్చి వాళ్ళు" అంది ఇంగ్లీషులో.

"ఏం చేస్తున్నారు?"

"ప్రార్థన."

"ఈ అసెస్‌మెంట్ కోసమా?"

వసంత అబద్ధం ఆడదు. నిజమేమిటో ఆమెకీ తెలియదు. ఆ ఖాళీలో జయంతి అక్క ఒక కన్ను తెరిచి, "యెస్ మేడమ్. దానికి కూడా" అంది.

డోనా ఏదో రాసుకుంది. "సరే. ఈ కుర్చీలో రోజుకి ఎంతసేపు పని చేస్తారు?"

గది అంతా వింటోంది. మోకరించినవాళ్ళ పెదవులు ఆగిపోయాయి. అందరికీ ఇంగ్లీషు వచ్చు. కాసేపు ప్రార్థన చేసుకుంటానంటే కంపెనీ దగ్గర పని చెడుతుంది. రోజంతా పనే అంటే ఇక్కడ ముఖం చెల్లదు. వసంత చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"పొద్దున్నించి సాయంత్రం దాకా" అంది. "అంతా ఆఫీసు పనే." ఆ వెంటనే వెనక్కి తిరిగి, తెలుగులో మళ్ళీ అంది. "అక్కా, ఆఫీసు పనే."

జయంతి అక్క రెండో కన్ను కూడా తెరిచింది.

స్క్రీన్‌లో డోనా తల అడ్డంగా ఊపుతోంది. "అలా అయితే కష్టం. ఈ కుర్చీ కాసేపటికి మంచిదే, రోజంతా దీని మీదే ఉంటే మోకాళ్ళు పోతాయి. వీపుకి ఆసరా ఉండాలి, పాదాలు గట్టిగా ఆనాలి. వేరే కుర్చీ ఏదైనా ఉందా మీ దగ్గర? ఇప్పుడు నాకు చూపించగలిగితే దాంతోనే సర్దుబాటు చేసి ఒప్పుకుంటాను, మంచి కుర్చీ కంపెనీ పంపిస్తుంది. లేకపోతే ఇవాళ నేను ఒప్పుకోలేను."

షార్లెట్ నా కళ్ళ ముందు నిలబడింది. గరాజ్‌లోకి పరిగెత్తాను. కొత్తది వచ్చాక అక్కడికి చేర్చిన ద్రాక్షగుత్తి కుర్చీ మీద ఉతికిన బట్టలున్నాయి. అవి కింద పారేసి, కుర్చీ ఎత్తుకొచ్చి గది మధ్యలో పెట్టాను.

"అదిగో" అంది జయంతి అక్క గట్టిగా. "నా కుర్చీ!"

"ఏమైనా ఇబ్బందా?" అని డోనా అడిగింది.

"నో మేడమ్. మై చెయిర్" అంది అక్క. సోఫాలోంచి అంచెలంచెలుగా లేచి వచ్చి, ద్రాక్షగుత్తి మీద చెయ్యి వేసి తడిమింది. "ఇందులో కూర్చుందా ఇన్నేళ్ళు? ఈ పిల్లకి నడుం పట్టేయక ఏమవుతుంది! మా ఆయన దీన్ని ఎప్పుడూ తిడుతూ కూర్చునేవారు." ఆ తర్వాత వసంత వైపు చూసింది. ఆవిడ నోరు ఎలాంటిదో నాకు తెలుసు.

"కూర్చో" అంది. "షారన్, నీ దుప్పటి చుట్టి ఇలా ఇవ్వు."

దుప్పటి చుట్ట నడుం దగ్గర సరిపోయింది. ద్రాక్షపళ్ళు దాని వెనక్కి పోయాయి. డోనా చేతులెక్కడ ఉండాలో చెప్పింది, భుజాలు దించమంది. నేను పుస్తకాలు రెండు తీసేసి స్క్రీన్ దింపాను. అంతా అయ్యాక డోనా, "పాదాలు చూపించండి" అంది.

వసంత పొట్టిది. కుర్చీ ఎత్తు. పాదాలు గాల్లో వేలాడుతున్నాయి.

"కింద ఏదైనా పెట్టాలి. గట్టిగా, కదలకుండా ఉండేది."

అందరం గది చుట్టూ చూశాం. అందరి చూపులూ ఒక్కచోటే ఆగాయి. సోఫా పక్కన పిడికెడు బియ్యం సంచీ ఉంది.

"అక్కా, అది వద్దు" అన్నాను. "దేవుడి బియ్యం. కాళ్ళ కిందా?"

నాకు నిజంగానే భయం వేసింది. చిన్నప్పుడు ఆ బియ్యం గింజ కింద పడితే నా చేత కళ్ళకద్దించి, మళ్ళీ డబ్బాలో వేయించేది మా అమ్మ.

"ఆ బియ్యం ఎవరికోసం పోగుచేశాం?" అంది అక్క.

"అవసరంలో ఉన్నవాళ్ళ కోసం."

"ఇప్పుడు ఈ గదిలో అవసరం ఎవరిది? పాస్టర్ గారి కళ్ళజోడులోంచి చూడకు, కాళ్ళు వేలాడుతున్న పిల్లని చూడు." అని సంచీ ఈడ్చి, నేను అడ్డంపడే లోపే తన చీర చెంగుతో దాన్ని కప్పి, వసంత పాదాలు రెండూ పట్టుకుని దాని మీద పెట్టింది. వంగలేని మనిషి వంగింది.

"ఆ సంచీలో ఏముంది?" అంది డోనా.

"రైస్" అంది వసంత.

"చాలా బాగా ఆనింది" అంది డోనా. "నేను ఒప్పుకుంటున్నాను. అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి. కంపెనీ కుర్చీ వచ్చేదాకా ఇలాగే ఉంచండి." కళ్ళజోడు తీసేసింది. ఏదో తటపటాయించింది. "వెనకున్నవాళ్ళకి ఒక మాట చెబుతారా? నాకు ఈ ఎడమ భుజం నెలల తరబడి తగ్గడం లేదు. ఊళ్ళో వాళ్ళందరికీ ఎలా కూర్చోవాలో చెప్పేది నేనే. నా పేరు కూడా చేర్చగలరా?"

"ఎడమ భుజం. నోటెడ్ మేడమ్" అంది జయంతి అక్క.

స్క్రీన్ ఆరిపోయింది. షారన్ ఇయర్‌ఫోన్‌లోంచి ఎవరో సన్నగా ఏదో లెక్క చెబుతున్నారు.

వసంత బియ్యం సంచీ మీంచి పాదాలు తీసి కింద పెట్టింది. "అక్కా, ఆదివారం చెబుదామనుకున్నాను. ఎవరూ విన్లేదు. నేను గొప్ప ప్రార్థనాపరురాల్నేం కాదు. కానీ మీరందరూ పేర్లు చెప్పాక ఊరుకోలేకపోయాను. నేను ఒక టెస్ట్ పెడితే అది తిరిగి రావడానికి కాసేపు పడుతుంది. ఇదివరకు అప్పుడు ఫోన్ చూసుకునేదాన్ని. ఈ వారం ఆ కాసేపట్లో ఒక్కో పేరు తీసుకున్నాను. అంతే చేశాను."

"నాదీనా?" అంది షారన్.

"నీదీ. డ్రైవింగ్ టెస్టు. పార్కింగ్ సంగతి వేరుగా."

ముందు జయంతి అక్క నవ్వింది. పొట్ట పట్టుకుని, సోఫాలో కూలబడి, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. ఆ తర్వాత అందరూ నవ్వారు. "ఎంత తగ్గింపో చూశారా!" అని ఎవరో అంటే మళ్ళీ నవ్వారు. ఆ నవ్వు తగ్గాక అక్క మోకాళ్ళ కుర్చీ వంక చూసింది.

"దాని మీద ఎక్కితే దిగడం కష్టమా?"

"బల్ల పట్టుకుని లేస్తే చాలక్కా. నేల దాకా దిగక్కర్లేదు."

"నేను నేల మీద మోకరించి చాలా ఏళ్ళయింది" అంది నెమ్మదిగా. "దిగితే లేవలేను. ఆ కిటికీలో నిన్ను చూసినప్పుడు భక్తి మాటెందుకు, ముందు అసూయ పుట్టింది నాకు. కన్నీళ్ళు కూడా సగం అందుకే."

మేమిద్దరం చెరో చెయ్యి పట్టుకుని ఎక్కించాం. మోకాళ్ళు మెత్త మీద ఆనాయి. కళ్ళు మూసుకుంది. నేను ఇన్నేళ్ళు ఎవరినీ అడగని మాట అప్పుడు అడిగేశాను.

"అక్కా, మరి ఇన్నాళ్ళు సోఫాలో కూర్చుని చేసిన ప్రార్థనలు పైకి చేరాయంటావా?"

కళ్ళు తెరవకుండానే అంది. "చేరకపోతే మీకు ఇల్లెలా వచ్చిందనుకున్నావ్? అది నేను సోఫాలో కూర్చుని చేసిందే."

"మరి మోకాళ్ళ మీద ఎందుకు?"

"దేవుడి కోసం కాదు. కాస్త కిందికి దిగితే నా నోరు తగ్గుతుంది. ఇంక నీ నోరు తగ్గించి కళ్ళు మూసుకో."

మూసుకున్నాను. నేను సోఫా చేతి మీద కూర్చునే ఉన్నాను. అనుమానం పూర్తిగా పోయిందని చెప్పలేను. కానీ ఎర్ర లైటు దగ్గర ఇప్పుడు కొంచెం ధైర్యంగా ఉంటున్నాను.

కంపెనీ కుర్చీ పెద్ద పెట్టెలో వచ్చింది. దానికి మీటలు, చక్రాలు, కాళ్ళ కింద పీట కూడా ఉన్నాయి. దాన్ని కూడా నేనే బిగించాను. ఈసారి ఏమీ మిగల్లేదు. బియ్యం సంచీ అంతకు ముందే ఆ నెల అవసరమున్న ఇంటికి చేరింది. కళ్ళకద్దుకున్నాకే పంపాను.

ఆ శనివారం ద్రాక్షగుత్తి కుర్చీని తడిగుడ్డతో తుడిచి, కార్లో ఎక్కించాం. వసంత అడ్డం నిలబడింది. "ఇన్నేళ్ళ తర్వాత ఖాళీ కుర్చీ ఇస్తామా? గిన్నె కూడా ఖాళీగా ఇవ్వం కదా." అందుకని దాని మీద మోకాళ్ళ కుర్చీ పెట్టి తాడుతో కట్టాను. జేబులో దాచుకున్న స్క్రూ కూడా, పట్టే చోటు వెతికి బిగించేశాను. అబిగేల్‌కి ఫోన్ చేసి చెబితే, "రీగిఫ్టింగ్ ఆ, డాడీ? నా గిఫ్ట్ ఇంకొకళ్ళకా?" అని నవ్వింది.

జయంతి అక్క మోకాళ్ళ కుర్చీని తన కిటికీ దగ్గర పెట్టించుకుంది. వీధివైపు తెర మాత్రం వేసేసింది. "నన్ను చూసి ఇంకెవరూ ఏడవక్కర్లేదు" అంది.

నేను ద్రాక్షగుత్తి కుర్చీ తీసుకెళ్ళి డైనింగ్ టేబుల్ దగ్గర, తెల్ల ప్లాస్టిక్ కుర్చీ జరిపి దాని చోట్లో పెట్టాను. ఆ జతలోని ఆరు కుర్చీలూ ఒక్కచోట చేరాయి. ధర్మారావు గారు కాసేపు దూరం నుంచి చూశారు. దగ్గరికి వచ్చి, కుర్చీని చేత్తో తడిమి, మెల్లగా కూర్చున్నారు. వెనక్కి ఆనారు. వెంటనే ముందుకి వచ్చారు. మళ్ళీ జాగ్రత్తగా ఆనారు.

"ఏవండీ ఆమోసు గారూ" అన్నారు చివరికి, "ఆ రోజు వీపుకి దుప్పటి చుట్ట, కాళ్ళ కింద బియ్యం సంచీ పెట్టారట కదా. అవెక్కడున్నాయి?"